గాలి ఆడనివ్వమన్నారు

మల్లన్నకు సలాడ్ ఆకుల మీద అసూయ పుట్టింది. నవ్వకండి. ఖతర్ ఎండలో మిద్దె మీద పనిచేస్తే మీకూ పుడుతుంది. అల్ ఘర్రాఫాలో ఒక విల్లా వెనక గదిలో యజమాని ఆ ఆకులు పెంచుతాడు. గదికి కిటికీ లేదు. ఎండకు బదులు లైట్లు, ఏసీ, ఫ్యాన్లు, వేడిగాలిని బయటికి లాగే గొట్టాలు. అన్నీ బిగించింది మా కంపెనీ వాళ్ళే, మల్లన్నా గజేందరూ. బిగించాక లోపల ఆకుల్ని కనిపెట్టుకుని ఉండే డ్యూటీ గజేందర్‌కు దక్కింది. మిద్దె మీద ఏసీ యూనిట్ల దుమ్ము కడుగుతూ, అవి వదిలే వేడి మొహాన కొట్టించుకునే డ్యూటీ మల్లన్నకు పడింది.

పైగా గజేందర్‌ను ఊరినుంచి తెచ్చింది మల్లన్నే. "నేను దెచ్చినోడు నా నెత్తినెక్కిండు" అని బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులోని మా రూములో ఒకటే సణుగుడు. దానికి అతని భార్య గంగాబాయి ఆజ్యం పోసింది. గజేందర్ ఇంటికి పంపిన ఫోటో చూసి ఫోన్ చేసింది. ఆమెకు గల్ఫంతా దుబాయే.

"గజేందర్ దుబాయిల స్వెటరేసుకున్నడు. నువ్వేందయ్యా, చెమట్లు గక్కుతున్నవ్? నీకు పనొస్తలేదా?"

ఆ పూట మల్లన్న అన్నం ముట్టలేదు.

ఒకరోజు ఇంజనీరు ఆస్టిన్ ఫోన్ చేశాడు. ఆయనది గోదావరి జిల్లా. ఆకుల గదిలో సిగ్నల్ అందదు కాబట్టి మల్లన్నకు చేశాడు.

"వెనక మూల చెమ్మ చేరుతోందట. ఆ మూల గాలి ఆడనివ్వమని గజేందర్‌తో చెప్పు."

యూనిట్ల హోరులో ఆ మాట మల్లన్న చెవిలో అతని యాసలోకి మారిపోయింది. గాలి 'ఆడనే' ఇవ్వమన్నారు, అంటే అక్కడే ఇవ్వమన్నారు అనుకున్నాడు. ఇంత చిన్న పని వాడికెందుకు చెప్పాలి, నేనే చేసి పేరు కొట్టేస్తాననుకున్నాడు. గజేందర్ తిండికి వెళ్ళినప్పుడు లోపలికి దూరి, ఫ్యాన్లన్నీ ఆ మూలకే తిప్పి కదలకుండా బిగించాడు.

"ఫ్యాన్లు గిట్లెందుకున్నయన్నా?" అన్నాడు గజేందర్ తిరిగొచ్చి.

"సార్ చెప్పిండు. నాకే చెప్పిండు," అన్నాడు మల్లన్న.

వారం తిరక్కుండానే ఆ మూల ఆకుల అంచులు మాడాయి. గాలి అందని తక్కిన అరల్లో బూజు పట్టింది. ఆస్టిన్ వచ్చి చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"గాలి ఆడనివ్వమన్నాను! ఆడనివ్వమంటే తిరగనివ్వమని. అంతా ఒకేచోట కొట్టమన్నానా? ఎవడు చేశాడిది?"

ఉద్యోగం ఊడుతుందన్న భయంతో మల్లన్న వెనక్కి జరిగాడు. గజేందర్ ముందుకొచ్చాడు.

"నేనే సార్. మల్లన్న సక్కగనే చెప్పిండు. మా దిక్కు ఆడ అంటే అక్కడ. నేనే తప్పు సమజ్ చేసుకున్న."

"అయితే నువ్వు మిద్దెక్కు. మల్లన్నా, ఇకనుంచి గది నీది."

కోరిందే దొరికింది. చల్లటి గదిలో ఒంటిమీద చెమటచుక్క లేదు. కడుపుమంట మాత్రం తగ్గకపోగా రెట్టింపయింది. ఉండబట్టలేక మిద్దెక్కి గజేందర్‌ను నిలదీశాడు.

"ఎందుకు మీదేసుకున్నవ్‌రా?"

"నన్ను ఈడికి తెచ్చినోడివి నువ్వు. నిన్ను సార్‌కు పట్టియ్యాల్నా అన్నా?" అని గజేందర్ మొహం తుడుచుకుని మళ్ళీ పనిలో పడ్డాడు.

తిట్టినా బాగుండేది. ఈ సంగతి ఊళ్ళో తెలిస్తే గంగాబాయి ఎవరిని పొగుడుతుందో మల్లన్నకు బాగా తెలుసు. అక్కడే నిలబడి ఆస్టిన్‌కు ఫోన్ కలిపాడు.

"సార్, ఫ్యాన్లు తిప్పింది నేను."

ఇప్పుడు మల్లన్న మళ్ళీ మిద్దె మీదే. "మంచి గది పోగొట్టుకుంటివి గద, ఎందుకు చెప్పినవ్?" అని రూములో అందరం అడిగాం. తడిసిన అంగీ విప్పుతూ కస్సుమన్నాడు.

"మంచోడనే పేరు గూడ వానికే ఇడువాల్నా?"