పిసుకొద్దన్న కాలు

ఐదో నంబరు మంచం దగ్గర ఆయా సారక్క నేల తుడవడం ఆపింది. దేవయ్య కుడికాలు నిన్నటికంటే లావెక్కింది. మేడిపల్లి గీత కార్మికుడాయన. తాటిచెట్టు మీంచి పడి తుంటి విరిగింది, ఆపరేషన్ అయి నాలుగు రోజులు. నెత్తురు గడ్డకట్టకుండా రోజూ పొట్టకు సూదిమందు ఇస్తూనే ఉన్నారు. అయినా పిక్క బిగిసి నిగనిగలాడుతోంది. సారక్క వెంటనే నర్సు సంగీతను లాక్కొచ్చి చూపించింది. డాక్టరు మందు పెంచాడు. స్కానింగ్ చేసే మనిషి మాత్రం మధ్యాహ్నానికి గానీ రాడట.

"అవ్వా, కాలు పిసుకకు. లోపల గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతే పాణం మీదికొస్తది," అంది సారక్క, దేవయ్య పెళ్లాం దేవవ్వతో.

దేవవ్వ తలూపింది. ఆ ఊపు సారక్కకు నచ్చలేదు. చెట్లెక్కి దిగొచ్చే మొగుడి కాళ్లు నలభై ఏళ్లుగా పిసికిన చేతులవి, వద్దంటే ఆగుతాయా? అసలు ఆయా మాట ఎవరు వింటారు!

సారక్కది కోరుట్ల. జగిత్యాలలోని ఈ ఆసుపత్రికి పద్నాలుగేళ్లుగా రోజూ బస్సులో వస్తుంది. అంతకుముందు సిరిసిల్లలో కాపురం. మరమగ్గాల ముందు నిలబడి నిలబడి మొగుడు బాలరాజు మోకాలు చెడిపోయింది. ఆపరేషనయ్యాక వాచిన ఆ కాలును వారం రోజులు పిసికింది తనే. అతను పోయినప్పుడు కాంపౌండర్ అందరి ముందూ అన్నాడు, "నువ్వే పిసికి సంపినవ్" అని. ఆ మాట రోజూ ఆమెతోపాటు బస్సెక్కుతుంది.

పొద్దుటి నుంచీ ఏ పనిమీద నడిచినా ఐదో మంచం వైపే చూసింది. పదకొండింటికి ఆపరేషన్ థియేటర్ నుంచి పిలుపొచ్చింది. అరగంటలో తిరిగొచ్చేసరికి మంచం చుట్టూ జనం. దేవయ్య ఒక్కసారి దగ్గి, ఊపిరాడట్లేదన్నాడట. డాక్టరు ఎంతసేపు ఛాతీ నొక్కినా లాభం లేకపోయింది.

వరండాలో దేవవ్వ సారక్క చెయ్యి పట్టుకుంది.

"గుంజుతుంది అంటే ఊకోలేకపోయిన బిడ్డా. జరంతసేపు పిసికిన. గందుకే పోయిండా?"

వద్దని చెప్పిన గదా అనబోయి సారక్క నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

"లేదవ్వా. గడ్డ పొద్దుగాలనే కట్టింది. నువ్వు పిసికినా పిసుకకపోయినా గంతే. నీ తప్పేం లేదు."

దేవవ్వ అప్పుడు ఏడ్చింది. సారక్కకూ ఏడుపొచ్చింది. ఆనాడు తనకు ఈ మాట చెప్పినవాళ్లు లేరు.

శవాన్ని మేడిపల్లి తీసుకెళ్లాక సారక్క పక్క మార్చడానికి వచ్చింది. దిండెత్తితే కింద కొబ్బరినూనె సీసా, మూత బిగించకుండా, అడుగున రెండు చుక్కలతో.