సాక్ష్యాల ఆదివారం

డిసెంబరు చివరి ఆదివారం మా చర్చిలో ప్రసంగం ఉండదు. ముందుగా పేరిచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి, ఏడాదంతా దేవుడు తమకేం చేశాడో సాక్ష్యం చెబుతారు. ఆ ఉదయం నా పేరు ఏడోది. స్త్రీల వైపు మూడో బెంచీలో ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. కాలు దానంతటదే ఊగుతోంది. పక్కనున్న అమ్మ నా మోకాలి మీద చెయ్యేసి అదిమింది. కాసేపాగి మళ్ళీ ఊగింది.

"ఊరికే ఉండవే షెకీనా, బెంచీ అంతా కదులుతోంది," అంది అమ్మ.

ఎలా ఊరుకుంటాను? సరిగ్గా ఏడాది క్రితం నాన్నతో ఒక ఒప్పందం చేసుకున్నాను. నేరేడ్‌మెట్‌లో నేను సోషల్ చెప్పే స్కూలుకి ఏడాది పాటు జీతం లేని సెలవు పెట్టి నాటకాల్లో చేరతాను. ఏడాది తిరిగాక, మళ్ళీ స్కూలుకి వెళ్తానో, ఉద్యోగం మానేసి నాటకాల్లోనే ఉంటానో ఇలా చర్చిలో సంఘం ముందు లేచి చెప్పాలి. ఆ షరతు నాన్నదే. మా నాన్న డేవిడ్ రాజుగారు రైల్వే ఆఫీసులో ముప్ఫై ఆరేళ్లు ఫైళ్లు చూసి రిటైరైన మనిషి. ఇంట్లో అనుకున్న మాటలు ఆయన లెక్కలోకి రావు. సంఘం ముందు అన్న మాట మాత్రం శిలాశాసనం. దాన్ని ఆయన వెనక్కి తీసుకోరు, ఇంకొకరిని తీసుకోనివ్వరు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నువ్వు ఏకంగా రచ్చకే బయల్దేరావు. సరే, ఏడాది చూద్దాం," అన్నారు ఆరోజు.

చూడ్డం అయిపోయింది. రేపు సోమవారం స్కూలుకి జవాబు చెప్పాలి.

ఇంతకీ ఏడాదంతా ఏం చేశాను? మా బృందం పద్దెనిమిది ప్రదర్శనలిచ్చింది. అందులో నేను వేదికెక్కింది ఆరింట్లో. మిగతా పన్నెండింట్లో పక్క తెర వెనక స్టూలు మీద కూర్చుని ప్రాంప్టింగ్ చేశాను. అంటే నటుడు మాట మరిచిపోతే మొదటి ముక్క అందించడం. చిలకలగూడలో ఒక టైలర్ షాపు పైన రేకుల గదిలో మా రిహార్సళ్లు. చేరిన మొదటి రోజే డైరెక్టర్ తుకారాం సార్ నా ఉత్సాహం మీద నీళ్లు చల్లారు.

"ఏందమ్మా, వచ్చుడుతోనే స్టేజీ ఎక్కుదామనుకున్నవా? ముందుగాల అందరి డైలాగులు నేర్చుకో. ఎవడన్న ఆగిండనుకో, ఫస్ట్ మాట ఒక్కటే ఇయ్యి. అది యాక్టర్‌కు ఇనవడాలె. పబ్లిక్‌కు సుత ఇనవడ్డదంటే నువ్వు ఫెయిలైనట్టే."

నాకు ఒళ్లు మండింది. నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే దాన్ని, స్టూలు మీద నేను కూర్చోవాలా? కూర్చున్నాను. జూలైలో ఓ కాలనీ ఉత్సవంలో మేం నాటకం ఆడుతుంటే జనం మాకు వీపు తిప్పి బిర్యానీ తిన్నారు. ఆరోజు స్కూటీ మీద ఇంటికొస్తూ దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

అక్టోబరులో బొల్లారంలో ఆడాం. నాది నాలుగు నిమిషాల వేషం, కొడుకుని పోలీసులు పట్టుకెళ్లిన తల్లి. సరిగ్గా నేను నోరు తెరిచేసరికి కరెంటు పోయింది. ఆపకుండా చెప్పేశాను. ఆ చీకట్లో హాలంతా ఊపిరి బిగబట్టింది. ఒక్కరూ దగ్గలేదు. ఆ నిమిషం నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. కానీ ఏడాదికి ఒక్క నిమిషం! దాన్ని పట్టుకుని బతుకంతా ఈదగలనా? రెండు నెలలుగా నాకు నిద్ర పట్టనివ్వంది ఈ ప్రశ్నే.

అందుకే రెండు సాక్ష్యాలు తయారుచేసుకున్నాను. వారం రోజులు బట్టలు ఆరేసే నెపంతో డాబా మీద రెండూ రిహార్సల్ చేశాను. కింద వరండాలో నాన్న పేపరు తిరగేస్తున్న చప్పుడు పైకి వినిపిస్తూనే ఉండేది. మొదటి సాక్ష్యంలో, ప్రభువు నాకు బుద్ధి చెప్పి తిరిగి నా పిల్లల దగ్గరికి పంపుతున్నాడు. అది తడుముకోకుండా వచ్చేసేది. రెండోది నాటకాల్లోనే ఉండిపోతానని. అది మాత్రం "నాకింక సెలవు అక్కర్లేదు, నా పని నాకు దొరికింది," అన్న దగ్గర ప్రతిసారీ ఆగిపోయేది. ఏది చెప్పాలో బెంచీ మీద కూర్చున్నాక కూడా తేలలేదు.

నాలుగో సాక్ష్యం సువార్తమ్మగారిది. డెబ్భై దాటిన మనిషి. ఆవిడ ఏటా ఒకటే సాక్ష్యం చెబుతుంది. చిన్నప్పుడు కొడుక్కి విషజ్వరం వచ్చింది, డాక్టర్లు ఆశ వదులుకున్నారు, మూడో రోజు పొద్దున వాడు కళ్లు తెరిచి చారన్నం అడిగాడు. చర్చిలో అందరికీ అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

"మూడో దినం పొద్దుగాల నా కొడుకు కండ్లు తెరిచి..." అని సువార్తమ్మగారు ఆగింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. ఏడాది అలవాటు, నా నోరు నన్ను అడగలేదు.

"చారన్నం," అని అందించాను.

తెర వెనకైతే సరిపోయే గొంతే. నిశ్శబ్దంగా ఉన్న చర్చిలో మూలమూలకీ వినిపించింది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టర్ అయ్యగారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు. అమ్మ తొడ మీద గిల్లింది.

సువార్తమ్మగారు మాత్రం నా వైపు తిరిగి మెల్లగా అంది. "నాకెరుకే బిడ్డా. మర్చిపోలే. ఏడుపొచ్చి ఆగిన."

సిగ్గుతో తల నేలకేసి కొట్టుకోవాలనిపించింది. మాట మరిచిన మనిషికీ గొంతు పూడుకుపోయిన మనిషికీ తేడా తెలియని నేను నటినట! తేలిపోయింది. మొదటి సాక్ష్యమే చెబుతాను. రేపే స్కూలుకి వెళ్లి రిజిస్టర్‌లో సంతకం పెడతాను.

నా పేరు పిలిచారు. లేచాను.

"ప్రభువు నామములో అందరికీ వందనాలు. ఈ ఏడాది ప్రభువు నాకు..."

బుద్ధి చెప్పాడు అనాలి. అంతే, రెండే మాటలు. వేదిక మీద ఎన్నడూ తడబడని నాకు ఆ రెండూ నోటికి రాలేదు. బొల్లారం చీకటి గుర్తొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు తెరుచుకునే ఉంది, అమ్మ నా చీర కొంగు లాగుతోంది.

పురుషుల వైపు నుంచి నాన్న గొంతు వినిపించింది.

"నాకింక సెలవు అక్కర్లేదు, నా పని నాకు దొరికింది."

అదీ మొదటి ముక్క కాదు, డాబా మీద నేను ప్రతిసారీ ఆగిపోయిన వాక్యం మొత్తం. గుసగుసగా కాదు, ఆఫీసులో ప్యూన్‌ని పిలిచే గొంతుతో. తుకారాం సార్ ఉంటే అక్కడే ఫెయిల్ చేసేవారు. చర్చి అంతా ఆయన వైపు తిరిగింది. ఆయన పాటల పుస్తకంలోకి చూస్తున్నారు, చెవులు ఎర్రబడ్డాయి. సంఘం ముందు అన్న మాట వెనక్కి తీసుకోని మనిషి, నాకంటే ముందు తనే ఆ మాట అనేశారు.

"నాకు తెలుసు నాన్నా," అన్నాను. "మర్చిపోలేదు. ఏడుపొచ్చి ఆగాను."

ఆ తర్వాత ఆ వాక్యం నేనే చెప్పాను.