ఊగాల్సిన బరువు

ఆదివారం చర్చి నుంచి వచ్చి కడుపునిండా తిన్నాక, ఎవరినో ఒకరిని మాటతో పొడవనిదే జయరాజు చెయ్యి కడుక్కోడు. ఆ రోజు వంతు కోడలిది.

"ఏందమ్మా జెస్సికా, నిన్న మీ పెట్టెలు పని చేయలేదంటనే. స్టేషనంతా నవ్వుతాండారు."

జెస్సికా కూర గిన్నె కింద పెట్టింది. నంద్యాల బయట ఏటి మీదున్న పాత ఇనుప బ్రిడ్జికి అదురు ఎక్కువ. రైలు కాస్త వేగం పెంచితే చాలు, దూలాలు కిందికీ పైకీ ఊగుతాయి. అందుకే బండ్లన్నీ అక్కడ నత్తల్లా పాకుతున్నాయి. జెస్సికా కంపెనీ వాళ్ళు ఆ దూలాల కింద నాలుగు ఇనుప పెట్టెలు వేలాడదీశారు. ఒక్కోదాంట్లో స్ప్రింగుల మీద నిలబెట్టిన బరువైన దిమ్మె. దూలం ఒకవైపు ఊగితే దిమ్మె ఎదురు ఊగాలి. ఉయ్యాలని ఎదురు తోసి ఆపినట్టు, ఆ ఎదురూపుతో అదురు చచ్చిపోవాలి. లెక్కలన్నీ జెస్సికావే. నిన్న ట్రయల్ బండి పోతే అదురు పిసరంత కూడా తగ్గలేదు. రేపు పొద్దున రెండో ట్రయల్. అదీ తప్పితే పెట్టెలు విప్పి లారీకెక్కిస్తారు. వాటితోపాటు ఆమె ఉద్యోగమూ పోతుంది. ఆ మాట కంపెనీ వాళ్ళు ఫోన్‌లో మొహం మీదే చెప్పారు.

"నవ్వనీ మామా. రేపు చూస్తారు కదా."

"ఏం చూస్తారు? బోల్టు బిగించను చేతకానోళ్ళు బ్రిడ్జికి వైద్యం చేస్తారంట! ట్రయల్‌కు ముందు నేను కిందికి దిగి చూస్తే లోపల దిమ్మె లొడలొడా ఊగుతాంది. మీవోళ్ళు బిగించకుండానే పోయినారు. నాలుగింటికీ నేనే చెక్కలు కొట్టి కదలకుండా చేసినా. లేకుంటే ఈ పాటికి ఏట్లో పడుండు. మామకు దండం పెట్టుకో."

నిన్నటి నుంచి లెక్కలో తప్పు కోసం జెస్సికా తల బద్దలు కొట్టుకుంటోంది. తప్పు తన పక్కనే కూర్చుని ఎముక చీకుతోంది.

"మామా, అది ఊగాల. ఊగేకే పెట్టినాము. నువ్వు బిగిస్తే అది వట్టి రాయి."

"ఊగేది బ్రిడ్జి మీద ఉండగూడదు. ఎవరు నేర్పించినారు నీకు?"

జయరాజు కీమ్యాన్. సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, పట్టాలను పట్టి ఉంచే కీ ఏది వదులైనా కొట్టి బిగించడమే ఆయన పని. తన బీటులో, అంటే తను నడిచే పట్టాల మేరలో, వదులు బోల్టు చూపించినవాడికి మీసం తీసిస్తానని పందెం కాసేవాడు. ఇంట్లోనూ అంతే. ఆయన బిగించిన కుళాయి తిప్పడానికి భార్య లూదియాకు రెండు చేతులూ చాలవు. పచ్చడి సీసా మూత తీయాలంటే పక్కింటికి పరిగెత్తాలి.

తిమోతి తల్లి వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు, చివరికి పెళ్ళాం మీద పడ్డాడు. "నువ్వే పొద్దున్నే పోయి చెక్కలు తీయించు. స్ప్రింగు సరిచేసినామని చెప్పు. నాయన పేరు ఎందుకు? వేరేవోళ్ళ సామాను ముట్టినాడని తెలిస్తే ఊరకే ఇడుస్తారా?"

"సరే, మామ పేరు ఎత్తను. మళ్ళా ముట్టనని ఒక్క మాట చెప్పమను. చాలు."

అందరూ జయరాజు వైపు చూశారు. ఆయన తీరిగ్గా వేళ్ళు నాకాడు.

"తీస్తే మళ్ళా కొడతా. నా బీటు అది."

"చూసినావా తిమోతీ? రేపు తీయిస్తే ఎల్లుండి కొడతాడు. పెట్టెలున్నాయని ఆ పొద్దు బండి వేగంగా వస్తాది. అదురు ఆపేది ఏదీ ఉండదు. నేనేం చేయాల?"

"గమ్మునుండాల," అంది లూదియా. "ఆర్నెల్లలో డ్యూటీ దిగిపోయే మనిషి. ఆయప్ప నోట్లో మట్టి కొడతావా? ఆళ్లగడ్డలో బొమ్మలు చెక్కేకాడ రాళ్ళు మోసేటోని బిడ్డవైనా కళ్ళకద్దుకుని చేసుకున్నాము."

"మా నాయన రాళ్ళే మోసినాడు అత్తా. ఇంకొకరు చెక్కిన బొమ్మకు మేకు కొట్టలేదు."

లూదియా గరిటె గిన్నెలో విసిరింది. తిమోతి "అమ్మతో అట్లనా మాట్లాడేది?" అని లేచిపోయాడు. జయరాజు మాత్రం ఇంకో ముక్క వేయించుకున్నాడు.

మరుసటి పొద్దున బ్రిడ్జి దగ్గర రైల్వే పెద్ద ఆఫీసరు దిగీ దిగగానే మొహం చిట్లించాడు. "ఈసారైనా పని చేస్తాయా మీ బొమ్మలు?"

అల్లంత దూరంలో జయరాజు ఆరెంజి కోటు తొడుక్కుని, సుత్తి భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఆమె చెబుతుందని ఆయన అనుకోలేదు. అది ఆ నిలబడటంలోనే తెలుస్తోంది. స్ప్రింగు సరిచేశామన్న మాట జెస్సికా నాలుక చివరిదాకా వచ్చింది. దానితో ఈ పూట గడిచిపోతుంది. కానీ ఆ సుత్తి రేపు కూడా అక్కడే ఉంటుంది.

"చేస్తాయి సార్. మొన్న దిమ్మెలను ఎవరో చెక్కలు కొట్టి బిగించారు. ఇప్పుడే తీయించినా."

"ఎవరో అంటే?"

"మా మామ. కీమ్యాన్ జయరాజు. ఆయన దృష్టిలో అది వదులుగా ఉన్నట్టే. చెప్పినా వినలేదు, మళ్ళా కొడతానంటాడు. ఈ బ్రిడ్జి మీదికి రానీయకండి. ఆర్నెల్లలో రిటైరవుతాడు, కాగితం మీద మాత్రం పెట్టొద్దు సార్."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. జయరాజు మొహం ఇటుక రంగుకు తిరిగింది. సుత్తి కింద పెట్టి దగ్గరికొచ్చాడు.

"నీ దయ ఎవరికి కావాల? రాయండి సార్. జయరాజు బిగించినాడని రాయండి. లూజుగా ఇడ్సినాడని మాత్రం ఎవరూ రాయగూడదు."

ఆఫీసరుకు చిర్రెత్తుకొచ్చింది. "రాసేదీ లేదు, పెట్టేదీ లేదు. రేపటి నుంచి పాణ్యం వైపు బీటు చూసుకో. ఈ బ్రిడ్జి మీద కాలు పెడితే అప్పుడు రాస్తా."

ట్రయల్ బండి వచ్చింది. ఇంజను బ్రిడ్జి ఎక్కగానే ల్యాప్‌టాప్ తెర మీద అదురు చూపే గీత ఎగిరింది. మొన్న బండి దాటిపోయినా ఎగురుతూనే ఉన్న గీత, ఇవాళ నాలుగు తుళ్ళు తుళ్ళి సాపుగా పడుకుంది. ఆఫీసరు మరో రెండుసార్లు, ఇంకా వేగంగా నడిపించి చూసి, "ఉంచండి," అన్నాడు. జెస్సికా తలెత్తేసరికి జయరాజు అప్పటికే పాణ్యం వైపు పట్టాల వెంట పోతున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం జెస్సికా ఇంట్లోకి వచ్చినా తిమోతి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. జయరాజు గోడకానుకుని కూర్చుని, ఎదురుగా ఉన్న కోడలికి పెళ్ళాంతో కబురు పంపాడు.

"లూదియా, ఆయమ్మతో చెప్పు. బ్రిడ్జి పడిన దినం నా పేరు ఎత్తొద్దని."

"అత్తా, మామతో చెప్పు. పడదని."

"నాకేం చెప్పొద్దండి ఇద్దరూ!" లూదియా కంచాలు పరిచింది, మూడే. "మీ నాయనకు ఫోన్ చేసినా. పొద్దున బస్సుకు ఆళ్లగడ్డ నుంచి వస్తాడు. పోయేటప్పుడు నిన్ను తోలుకపొమ్మని చెప్పినా."

తిమోతి ఏమైనా అంటాడేమోనని జెస్సికా అతని వైపు చూసింది. అతను ఫోన్ తిప్పి పట్టుకున్నాడు. ఆమె వంటింట్లోకి పోయి నాలుగో కంచం తెచ్చి పరిచి, తనే అన్నం పెట్టుకుంది.

"రానీ అత్తా. ఇంటికి కాదు, బ్రిడ్జి కాడికి రమ్మను. పొద్దున నేను ఆడనే ఉంటా."