వడపోత కాగితం మీది ఈస్ట్

మొదట పుట్టింది సంచి మీది కొక్కెమా, గోడ మీది కొక్కెమా? ఇసోబే కియోకోను ఈ సందేహం పట్టుకుని పంతొమ్మిదేళ్ళయింది. పొద్దున్నే ఇంటి మందిరంలో బుద్ధుడికి వేడి అన్నం పెట్టి నామం చెప్పుకుంటున్నా అది వదిలేది కాదు. ప్రతి కణంలోనూ బుల్లి సంచులు సరుకు మోస్తుంటాయి. సంచికో కొక్కెం, చేరవలసిన గోడకో కొక్కెం. రెండూ పెనవేసుకుంటేనే సరుకు దిగుతుంది. ఒకటి లేనిదే రెండోది దండగ. మరి మొట్టమొదటి కొక్కెం ఎవరి కోసం ఎదురు చూసింది? గుడి పూజారిని అడిగితే ఆయన నవ్వి, ఇంకో కప్పు టీ పోశాడు.

కనజావా విశ్వవిద్యాలయంలో ఆమె ప్రయోగశాల సహాయకురాలు. అక్కడి పెద్ద హచియా సెన్సెయ్, అంటే హచియా మాస్టారు. సముద్రం అడుగు బురదలో ఉండే ఒక ప్రాచీన జీవిలో కొక్కెంలాంటి ప్రొటీన్ ఉందని, దాన్ని ఈస్ట్‌లో పెట్టి పని చేయించి తీరుతానని ఆయన పట్టు. అందుకు వాడే ఈస్ట్‌కు సొంత కొక్కెం చెడిపోయింది. చల్లగా ఉంటే పెరుగుతుంది. ముప్ఫై ఏడు డిగ్రీల్లో సంచులు పేరుకుపోయి చస్తుంది. బురద కొక్కెం ఆదుకుంటే బతకాలి.

ఫిబ్రవరి మొదట్లో అది బతికింది.

"చూశారా ఇసోబేసాన్! పళ్ళెం నిండా!" మార్చిలో రిటైరవబోతున్న సెన్సెయ్ పసివాడిలా గంతులేశాడు. "సాయంత్రానికి వ్యాసం పంపేస్తున్నా."

ఆమె రెండో పళ్ళెం ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఇదీ నిండుగానే ఉంది సెన్సెయ్."

"ఏమిటది?"

"బురద కొక్కెం పెట్టనిది. ఇది చచ్చి ఉండాలి."

"వేడి తగ్గిందేమో!"

"మూడు థర్మామీటర్లు పెట్టాను."

"మీరు కళ్ళజోడు మార్చుకోవాలి."

"మారిస్తే ఇంకా ఎక్కువ కనిపిస్తాయి."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఆమెకు జాలి వేయలేదు, ఒళ్ళు మండింది. గడ్డకట్టిన నిల్వలోంచి ప్రతిసారీ కొత్తగా తియ్యాలని ఆమె ఎన్నిసార్లు మొత్తుకుంది! 'ఫ్రిజ్‌లో పళ్ళెం ఉండగా మళ్ళీ కరిగించడం దేనికి?' అనేవాడాయన. పెరుగుకు తోడు వేసినట్టు పళ్ళెంలోంచి పళ్ళెంలోకి ఏళ్ళ తరబడి మార్చారు. ఆ మార్పుల్లో ఎక్కడో ఒక కణం తన కొక్కెం తానే బాగు చేసుకుంది. దాని సంతానమే అంతటా నిండిపోయింది.

"అయితే నిల్వలోంచి తియ్యండి," అన్నాడు నీరసంగా.

"పాత నిల్వ అయిపోయాక కొత్తది కూడా ఆ పళ్ళెంలోంచి తీసిందేగా. మీరే వేయమన్నారు."

"అన్నీ నేనేనా!"

"అన్నీ కాదు. నోరు మూసుకుని వేసింది నేను."

ఇక మిగిలింది షిరౌజుసాన్ పంపిన కాగితమే. ఆ రకాన్ని పంతొమ్మిదేళ్ళ కిందట ఫుకువోకా నుంచి, ఆమెలాంటి సహాయకురాలే అయిన షిరౌజు మిచియో, వడపోత కాగితం మీద ఆరబెట్టి కవరులో పంపింది. 'బతికించాక తాజాగా ఒక ముక్క నాకు తిరిగి పంపండి' అని రాసింది. 'సరిచూశాక పంపుదాం' అన్నాడు సెన్సెయ్. ఆ సరిచూడటం ఎన్నటికీ కాలేదు. ప్రతి కొత్త సంవత్సరం కార్డులోనూ ఇసోబే 'ఈ ఏడు తప్పక పంపుతాను' అని రాసింది. పోయిన ఏడు షిరౌజు కార్డు వచ్చింది: 'మా ఫ్రీజర్ పాడై అన్నీ పోయాయి. ఇక మీ దగ్గరున్నదే.'

మర్నాడు ఆమె తన చేతిసంచిలోంచి పాత కవరు తీసింది. అందులో అరముక్క కాగితం ఉంది.

"ఇంతకాలం ఎక్కడ పెట్టారు?"

"మా ఇంటి మందిరం సొరుగులో, అగరొత్తుల పక్కన."

"బుద్ధుడి దగ్గర ఈస్టా!"

"మీ ఫ్రిజ్ కంటే అక్కడే శుభ్రం."

కాగితం మీది ఈస్ట్ ఎనిమిదో రోజుకి లేచింది. అందులో కొంత వేడిలో పెడితే బుద్ధిగా చచ్చింది. మిగిలినదానికి బురద కొక్కెం పెట్టి వేడిలో ఉంచారు. అయిదో రోజున పళ్ళెం మీద తెల్లటి చుక్కలు కనిపించాయి.

"చాలా ఉన్నాయి!"

"మూడు, సెన్సెయ్."

"అదిగో నాలుగోది."

"అది గాలిబుడగ."

ఆ మూడింట్లోంచీ బురద కొక్కెం తీసేసి ఆమె మళ్ళీ వేడిలో పెట్టింది. మూడూ చచ్చాయి. అంటే వాటిని బతికించింది అదే. సెన్సెయ్ గొణుక్కుంటూ వ్యాసంలో 'పళ్ళెం నిండా' కొట్టేసి 'మూడు' అని రాశాడు.

"ఆ బురదజీవి దగ్గర సంచుల రవాణా ఉందో లేదో తెలియదన్నారుగా. మరి దానికి కొక్కెం దేనికి?" అని అడిగిందామె.

"ఇంకేదో పనికి. ఆ పనేదో తెలిస్తే మార్చిలో రిటైరవుతానా!"

ఆ సాయంత్రం మందిరం ముందు కూర్చున్నప్పుడు ఆమె చూపు బుద్ధుడి ముందు పరిచిన జరీ గుడ్డ మీద నిలిచింది. అది అమ్మమ్మ పెళ్ళినాటి నడికట్టు. ఆవిడ పోయాక కత్తిరించి కుట్టించారు. నేసినవాడికి మందిరం సంగతి తెలియదు. నడికట్టు కూడా ఎవరికోసమూ ఎదురు చూడలేదు, అప్పటికి దాని పని అది చేసింది. అంతేనా? అంతే కావచ్చు. ఇంకా పూర్తిగా నమ్మకం చిక్కలేదు కాని, నామం మాత్రం ఆ వేళ అడ్డు లేకుండా సాగింది.

మర్నాడు ఆమె తాజా ఈస్ట్‌ను కొత్త వడపోత కాగితం మీద ఆరబెట్టి కవరులో పెడుతుంటే సెన్సెయ్ తొంగి చూశాడు.

"సరిచూశాక పంపు—"

"చూశాం," అని ఆమె కవరు అంటించేసింది.

లోపల చీటీలో 'ఆలస్యానికి క్షమించండి. ఇది చస్తుంది, నేనే చూశాను' అని రాసింది. దారిలో మంచు తొక్కుకుంటూ వెళ్ళి, ఎర్ర పోస్టుడబ్బాలో వేసి, కవరు అడుగున పడ్డ చప్పుడు వినబడేదాకా అక్కడే నిలబడింది.