రాహుకాలంలో వెళ్లిన మెయిలు

నేను మెయిళ్లు చదివే ఒక ప్రోగ్రామ్‌ను. ఒళ్లంటూ లేదు, కంప్యూటర్‌లో ఉంటాను. హైదరాబాద్‌లో ఒక చీరల షాపు కోసం నన్ను తయారు చేశారు. రంగు వెలిసిందని, అంచు చిరిగిందని కొన్నవాళ్లు రాస్తే, ఎవరు ఎంత కోపంగా ఉన్నారో చెప్పేదాన్ని. షాపు మూతపడ్డాక గుంటూరులో ఒక చిన్న పత్రికాఫీసుకు చేరాను.

అప్పుడు ఒక కంపెనీ మీద నకిలీ విత్తనాల కేసు నడుస్తోంది. కోర్టు ఆ కంపెనీ మెయిళ్లన్నీ బయటపెట్టింది. విలేఖరి నీలవేణి వాటిని నాకు అప్పగించి టీకి వెళ్లింది. తిరిగొచ్చేలోగా చదివేసి ఒక పేరును ఎర్రగా చూపించాను: గుమాస్తా మాణిక్యాంబ. ఆ కంపెనీ మెయిళ్లు దాదాపు అన్నీ పంపేది ఆమే. కానీ రోజూ ఒక గంటన్నర ఏమీ పంపదు. ఆ సమయం రోజుకొకలా మారుతుంది. అది దాటగానే వరసపెట్టి పంపుతుంది. రహస్య సమావేశాలని తేల్చి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆమె పేరు, ఫొటోతో పేజీ సిద్ధమైంది. ఎడిటర్ పరాంకుశం గారు గడియారం చూశారు.

"ఆగమ్మాయ్. గురువారం కదా, రాహుకాలం. మూడు దాటాక ప్రెస్సుకు పంపుదాం."

నీలవేణి తెర వైపు తిరిగింది. గురువారాల్లో మాణిక్యాంబ మౌనం ఒకటిన్నర నుంచి మూడు దాకా.

"సార్, మీ పేరూ ఎర్రగా వేయాలేమో," అని మాణిక్యాంబకు ఫోన్ చేసింది.

"రాహుకాలంలో పంపితే మా ఓనరు గారు ఊరుకోరండీ," అంది మాణిక్యాంబ. "ఆ టైములో చిక్కుళ్లు ఒలుచుకుంటా. దానికే పేపర్లో వేస్తారా? ఇక మా వీధిలో ఎలా తిరగనమ్మా?"

పేజీ ఆగింది. నీలవేణి నాకు పంచాంగం ఎక్కించి మళ్లీ చదవమంది. ఆ కంపెనీ నుంచి రాహుకాలంలో వెళ్లిన మెయిలు ఒక్కటే ఉంది. అది ఓనరు స్వయంగా గోదాముకు పంపింది: "పాత సంచుల మీద కొత్త తేదీలు అంటించండి. లారీ ఆగదు." మొదటిసారి అది నాకు మామూలు గోదాము పనిలాగే కనిపించింది. అందరికీ నియమం పెట్టిన మనిషికి ఆ రోజు ఆగే తీరిక లేకపోయింది.

మర్నాడు పత్రికలో ఓనరు ఫొటో వచ్చింది. మాణిక్యాంబ పేరు ఎక్కడా లేదు. వారం తిరక్కుండా ఆఫీసుకు ఒక సంచీడు చిక్కుళ్లు వచ్చాయి, ఒలిచినవే.

ఇప్పుడు నేను పాతబడ్డాను. మూలనున్న కంప్యూటర్‌లో పాఠకుల ఉత్తరాలు చదువుతున్నాను. ఎవరి పేరైనా ఎర్రగా చూపాల్సి వస్తే, పక్కనే "ఈ మనిషిని అడిగారా?" అని వచ్చేలా నీలవేణి ఏర్పాటు చేసింది. రాహుకాలంలో మాత్రం, మంగళవారమైతే మూడు నుంచి నాలుగున్నర దాకా, పరాంకుశం గారు నాకు ఏ పనీ చెప్పరు. ఆ గంటన్నర నాకు హాయిగా సెలవు.