నీలాంజన గారి మీసాలు

నేను ఒక రాత అట్టను. పరీక్షల్లో కాగితం కింద పెట్టుకుంటారే, నెత్తిన ఇనప క్లిప్పుతో, ఆ జాతిదాన్ని. కాగితానికీ మనిషి ఒడికీ మధ్య బతికినదాన్ని కాబట్టి, రాసేవాళ్ళ బండారం నాకు తెలిసినంతగా వాళ్ళ పాఠకులకి తెలియదు. తెలియకపోవడమే మంచిది లెండి. తెలిస్తే పుస్తకం ముట్టుకోరు.

బెజవాడ పొలిమేరలో ఒక రేకుల షెడ్డులో చెక్కపొట్టునీ జిగురునీ కలిపి మరలో అదిమితే పుట్టాను. మొదట నన్ను కొన్నవాడు ఒక గుమాస్తా. ప్రమోషను పరీక్షకి చదవడానికి బద్ధకమేసి, జవాబులన్నీ నా వీపు మీద పెన్సిలుతో ఎక్కించుకున్నాడు. తీరా హాల్లో నన్ను నిలువుగా ఎత్తి పట్టుకునేసరికి, ఎదురుగా నిలబడ్డ ఇన్విజిలేటరు నా వీపంతా తీరిగ్గా చదువుకున్నాడు. గుమాస్తా తన తెలివితక్కువతనానికి నన్ను తిట్టి, పాత పుస్తకాలవాడి దగ్గర పారేశాడు. అక్కడ నన్ను ఏరుకున్నవాడు గుడిమెట్ల పురుషోత్తం.

పురుషోత్తం అంటే మీకు తెలియదు. నీలాంజన అంటే తెలుస్తుంది. ఆడవాళ్ళు రాసిన నవలలకే అద్దె పుస్తకాల షాపుల్లో గిరాకీ ఉన్న రోజులవి. దాంతో మీసాలున్న మగవాళ్ళు కూడా ఆడపేర్లు తగిలించుకుని ఎగబడి రాసేవారు. ఈ మహానుభావుడూ ఆ బాపతే. "మీ కలంలో ఆడమనసు పలుకుతుంది అక్కయ్యా" అని పాఠకురాళ్ళు ఉత్తరాలు రాస్తే మీసం దువ్వుకుంటూ చదువుకునేవాడు. ఆడమనసట, ఆడమనసు! కట్టుకున్నదాని మనసులో ఏముందో ఏనాడూ అడిగి ఎరగడు.

అతనికి ఉన్నదల్లా ఒకటే బెంగ. సొంత పేరు ఒక్కసారైనా పుస్తకం ముఖచిత్రం మీద చూసుకోవాలని. పబ్లిషరు నూతక్కి బసవయ్య ఆ బెంగ కనిపెట్టి సరిగ్గా అక్కడే గాలం వేశాడు.

"గురువుగారూ, వేసవి సెలవులకి షాపుల్లో మన నవల ఉండాలండీ. పదిహేను రోజుల్లో ఇచ్చారంటే ఈసారి మీ సొంత పేరుతోనే వేస్తాను. వెనకాల మీ ఫోటో కూడా. ఈమధ్య మగవాళ్ళ పేర్లు కూడా బాగానే ఆడుతున్నాయిలెండి."

అలా అని గవర్నరుపేటలో ఒక లాడ్జి గది తీసి, నన్నూ అతన్నీ లోపల పెట్టి, బయట గొళ్ళెం వేయించాడు. రచయితలు సినిమాకి పారిపోకుండా అదొక పద్ధతి. దొడ్లో గేదెని కట్టేయడానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు, గేదె పాలిస్తుందన్న మాట తప్ప.

మొదటి రోజంతా ఏం రాశాడనుకున్నారు? తన పేరు! గుడిమెట్ల పురుషోత్తం, జి. పురుషోత్తం, ఉత్త పురుషోత్తం. ఏది నిండుగా కనబడుతుందా అని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాత తన పాత నవలొకటి పక్కన పెట్టుకుని, మనుషుల పేర్లు మార్చి దింపడం మొదలెట్టాడు. ఆ హడావిడిలో మూడో ప్రకరణంలో చచ్చిపోయిన అత్తగారు అయిదో ప్రకరణంలో కోడల్ని సాధించుకు తింటోంది. అయినా అతనికి చీమ కుట్టినట్టయినా లేదు.

అతని భార్య హైమావతి రోజూ మధ్యాహ్నం భోజనం తెచ్చేది. అతని కోడిగీతలు చదవలేమని ప్రెస్సులో కంపోజింగువాళ్ళు మొత్తుకుంటే, ఏ నవలకైనా శుద్ధప్రతి రాసేది ఆవిడే. ఒకరోజు అలాగే నన్ను ఒళ్ళో పెట్టుకుని రాస్తూ రాస్తూ ఆగిపోయింది.

"ఏవండీ, తలంటు పోసుకుని రాగానే జడేసుకుని పూలు పెట్టుకుందని రాశారు. తడిజుట్టు అల్లుకుంటారా ఎవరైనా? కంపు కొట్టదూ?"

"అవన్నీ ఎవరు చూస్తారే!"

"అద్దెకి తెచ్చుకుని చదివేది ఆడవాళ్ళేగా. వాళ్ళే చూస్తారు."

"అయితే నువ్వే మార్చుకుని ఏడువు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆవిడ జడ మార్చింది. తర్వాత వంటింటి సన్నివేశం మార్చింది. ఆ తర్వాత అతని కాగితాలు పక్కకి నెట్టి, కొత్త కాగితం నా క్లిప్పుకి బిగించి, మొదటి నుంచీ తనే రాయడం మొదలెట్టింది. కుట్టుమిషను తొక్కి ఇంటిల్లిపాదినీ పోషించి, చివరికి ఆ ఇంట్లోనే పరాయిదైపోయిన తన పెద్దమ్మ కూతురి కథ అది. రోజూ వచ్చి చీకటి పడేదాకా రాసేది. అప్పటిదాకా నామీద పడ్డ రాతంతా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. నాబోటి చెక్కపొట్టుకే గుండె బరువెక్కింది. పక్క మంచం మీద మాత్రం గురక వినిపించేది.

గడువు దగ్గరపడ్డాక ఆవిడ ఒకరోజు భయం భయంగా అడిగింది. "ఏవండీ, పుస్తకం మీద నా పేరు కూడా వేయిస్తారా? చిన్న అక్షరాలైనా ఫర్వాలేదు."

"వెర్రిదానా! నీ పేరు లేకుండా ఎలా ఉంటుందే?" అన్నాడు, ముద్ద మింగుతూ.

ఆవిడ నమ్మింది. మొహం ఎంత వెలిగిపోయిందో! నేను నమ్మలేదు. నన్నడిగేదెవరు?

గడువునాటికి బసవయ్య వచ్చాడు. నిలబడి నాలుగు కాగితాలు చదివాడు, మంచమ్మీద కూలబడి ఇంకా చదివాడు, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"గురువుగారూ! ఇన్నాళ్ళూ మీరు ఆడపేరుతో రాసింది ఏమోగానీ, ఇది మాత్రం ఆడమనిషి కడుపులోంచి వచ్చినట్టుందండీ. మీరు రాశారంటే నమ్మబుద్ధి కావట్లేదు!"

హైమ మొగుడి వంక చూసింది. ఇదుగో, ఇప్పుడు చెబుతాడని చూసింది.

"ఏదో... మీ అభిమానం," అన్నాడు పురుషోత్తం. సిగ్గులేని మనిషి, మీసం కూడా దువ్వుకున్నాడు.

పుస్తకం వచ్చింది. ముందువైపు తాటికాయంత అక్షరాలతో అతని పేరు, వెనకవైపు మీసాలతో సహా ఫోటో. మగవాడి చెత్తకి ఏళ్ళ తరబడి ఆడపేరు పెట్టి అమ్మారు. నిజంగా ఒక ఆడది రాసిన రోజున మగపేరు పెట్టారు. హైమ తడిచేతులు చెంగుకి తుడుచుకుని, తన పేరు కోసం పేజీ పేజీ తిప్పింది. లోపల ఒకచోట ఉంది, పేరు కాదు, ఈ ముక్క: 'వేళకి కాఫీ అందించిన నా శ్రీమతికి.' ఆ కాఫీ కూడా లాడ్జి కింది హోటలువాడిది! ఆవిడ పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నవల కోసం అద్దె షాపుల్లో కొట్టుకున్నారు. దసరాకి ఇంకోటి కావాలన్నాడు బసవయ్య. "ఓస్, అదెంతసేపు!" అన్నాడు మనవాడు. ఇంటికొచ్చి నన్ను హైమ ఒళ్ళో పెట్టాడు. "అదే ధోరణిలో ఇంకోటి. నేను పేర్లు చెబుతాను, నువ్వు అల్లుకుపో."

ఆవిడ నన్ను తీసి అతని ఒళ్ళో పెట్టింది. "మీ పేరున్న పుస్తకాలు మీరే రాసుకోండి."

బతిమాలాడు, కసిరాడు, అలిగి అన్నం మానేశాడు. ఆవిడ చలించలేదు. గడువు వచ్చింది. బసవయ్య వీధి వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అయిపోవచ్చిందయ్యా," అంటూ పురుషోత్తం నన్ను గుండెకి హత్తుకున్నాడు, తెల్లకాగితాలు కనబడకుండా. అతని చెమటకి నా అంచులు ఉబ్బిపోయాయి.

అంతలో హైమ గ్లాసులు పట్టుకుని వచ్చింది. "అమ్మా, మీరైనా చెప్పండి, ఎంతవరకు వచ్చింది?" అన్నాడు బసవయ్య.

"నాకేం తెలుస్తుందండీ? కాఫీ ఇచ్చేదాన్ని," అని గ్లాసులు అక్కడ పెట్టి ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

కాఫీ చాలా బాగుందని బసవయ్య మెచ్చుకున్నాడు.