నీలం ముడి

కూతురు పోయిన రోజు ఆమె టీ తాగుతూ ఉంది.

ఆసుపత్రి గేటు పక్కన, నిలబడి. గ్లాసు చెయ్యి కాలుస్తుంటే చేతిరుమాలుతో పట్టుకుని, ఊదుకుంటూ తాగింది. ఆ ఊదుకోవడం తరవాత చాలా ఏళ్ళు ఆమెను వదల్లేదు. నాలుక కాలితే కాలిందని గబగబా మింగేసి మెట్లెక్కి ఉంటే అందేదేమో. మూడో అంతస్తులోని పిల్లల వార్డు నుంచి నర్సే ఆమెను కిందికి పంపింది. "పొద్దుట్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. వెళ్ళి టీ తాగి రామ్మా. నేను చూస్తూ ఉంటాగా."

వెళ్ళేముందు చేతిలోని స్కూలు స్కర్టు స్టూలు మీద పెట్టింది. నీలం రంగుది. జ్వరం రాకముందు ఆరు నెలల్లో పిల్ల బాగా పొడుగెదిగింది. అంచు విప్పి రెండంగుళాలు దించుతోంది. కుడివైపు అయింది, ఎడమవైపు మిగిలింది. సూదిని గుడ్డలోనే గుచ్చి లేచింది. తిరిగి వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. ఆ తరవాతి గందరగోళంలో స్కర్టు ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు.

ఎనిమిదో రోజున దానికోసం ఆసుపత్రి బట్టల స్టోరుకు వచ్చింది. స్టోరు పెద్దాయన మంచివాడు. "మాసిన దుప్పట్ల మూటలో కలిసిపోయి ఉంటుందమ్మా. దొరికితే దాచి ఉంచుతా, రేపు రా" అన్నాడు. ఆమె మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పదకొండు రోజులు చూసి, పన్నెండో రోజున ఆయన చిరిగిన దుప్పటి ఒకటి ఆమె ఒళ్ళో పడేశాడు. "ఊరికే కూర్చుంటే పొద్దు గడవదు. కాస్త ఇది కుట్టిపెట్టు."

అలా పన్నెండేళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆసుపత్రిలో అందరూ ఆమెను సూదమ్మ అంటారు. పిల్లల వార్డులో ఆ పేరు వినగానే దుప్పటి కింద దూరిపోయేవాళ్ళున్నారు. అప్పుడామె ఖాళీ చేతులు రెండూ చాపి చూపిస్తుంది. "నాది గుడ్డల సూదే నాయనా, నిన్నేం చెయ్యదు."

ఆ గురువారం పొద్దున ఎనిమిదింటికే సూదమ్మ మొదటి మూట విప్పింది. ఒక్కో దుప్పటినీ కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుని చూస్తుంది. మనుషులు పడుకునేది నడుమనే కాబట్టి దుప్పటి నడుమనే అరుగుతుంది. అంచులు కొత్తవాటిలాగే ఉంటాయి. అలాంటిదాన్ని నిలువునా రెండుగా కోసి, గట్టిగా ఉన్న అంచుల్ని నడిమికి తెచ్చి కలిపి కుడుతుంది. అరిగిన భాగం పక్కలకు పోతుంది. దుప్పటికి ఇంకో రెండేళ్ళు ఆయుష్షు.

ఒక్కటే చిక్కు. నడుమ కుట్టు వస్తుంది. లేచి తిరిగే రోగికి ఆ కుట్టు తెలియదు. మంచం దిగలేని వాళ్ళకు మాత్రం వెన్ను ఒరుసుకుపోతుంది. ఒకసారి ఒక ముసలాయనకు అలా పుండు పడింది. అప్పటినుంచి సూదమ్మే ఒక పద్ధతి పెట్టింది. నడిమి కుట్టు ఉన్న ప్రతి దుప్పటికీ ఒక మూల నీలం దారంతో చిన్న ముడి వేస్తుంది. ముడి ఉన్నది కదల్లేని వాళ్ళ మంచానికి వెయ్యకూడదు. చదువు రాని ఆయాకు కూడా ఆ గుర్తు తెలుసు.

అంతకు మూడు రోజుల ముందు, సోమవారం, సూదమ్మ ఒక దుప్పటి మూల నుంచి నీలం ముడిని కత్తెరతో తీసేసి, తొమ్మిదో నంబరు మంచానికి పంపింది.

ఆరోజు పొద్దున ఆయానే వచ్చి చెప్పింది. "తొమ్మిదిలోకి కొత్త పేషెంటు వచ్చిందక్కా. కొత్తేంటిలే, మన పాత సిస్టరమ్మే. నువ్వు పనిలో చేరకముందు పిల్లల వార్డులో చేసేదట, బదిలీ మీద పోయిందట. ఇప్పుడు ఎముకల నిండా జబ్బు. డాక్టర్లు మందులు మార్చడం కూడా మానేశారు. వెనకా ముందూ ఎవరూ లేరు. ఒకసారొచ్చి కూర్చోవా?"

ఎవరూ లేని వాళ్ళ దగ్గర కూర్చోవడం సూదమ్మకు కొత్త కాదు. మధ్యాహ్నం అన్నం తినే వేళలో, పని అయ్యాక కాసేపు, పన్నెండేళ్ళలో ఎన్ని మంచాల పక్కన కూర్చుందో ఆమె లెక్క పెట్టుకోలేదు. ఆయా ఎప్పుడు పిలిచినా లేచి వెళ్ళేది. సోమవారం మాత్రం తల ఎత్తకుండా, "పనుంది" అంది. ఆయా వెళ్ళాక వార్డు గుమ్మంలోంచి తొంగి చూసి, అది ఆ నర్సేనని పోల్చుకుంది.

కూర్చోవడం ఆమెకు నేర్పింది పాస్టరమ్మ. పిల్ల పోయిన మొదటి ఏడాది ఆమె చర్చికి వెళ్ళలేదు. భర్త ఒక్కడే వెళ్ళి, వెనక బల్లమీద కూర్చుని వచ్చేవాడు. పాస్టరమ్మ ప్రతి మంగళవారం ఇంటికి వచ్చేది. వాక్యం చెప్పేది కాదు. ఆరిన బట్టలు తీసి మడతపెట్టి, గ్లాసుడు నీళ్ళు తాగి వెళ్ళిపోయేది. ఏడాది తిరిగాక ఒకరోజు, "చెప్పులేసుకో, నాతో రా" అంది. రెండు వీధుల అవతల ఒక ఇల్లు. అక్కడొక తల్లి. బిడ్డ పోయి మూడు రోజులైంది.

"నేనేం చెప్పగలనమ్మా?"

"ఏం చెప్పకు. చెప్పేవాళ్ళు ఇంటినిండా ఉన్నారు. నిన్ను చూస్తే చాలు. ఏడాది తరవాత కూడా మనిషి బతికుంటుందని ఆ పిల్లకు తెలుస్తుంది."

ఆ తల్లి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని సాయంత్రందాకా పడుకుంది. ఆ తలమీద చెయ్యి వేసి కూర్చున్నప్పుడు ఆమెకు ఒక సంగతి అర్థమైంది. ఈ ఏడాదీ తన తలమీద కూడా ఒక చెయ్యి ఉంది. అది పాస్టరమ్మ ఒక్కదానిదే కాదు. ఆరోజు ఇంటికి నడుస్తూ, ఏడాది తరవాత మొదటిసారి ప్రార్థించింది. పెద్ద మాటలు రాలేదు. "ప్రభువా, నేనున్నాను. నువ్వూ ఉండు." ఆ తరవాత ఏ మంచం పక్కన కూర్చున్నా అదే ప్రార్థన.

ఈ మూడు రోజుల్లో అది కూడా నోటికి రాలేదు. పొద్దున్నే భార్యాభర్తలు చేతులు పట్టుకుని ప్రార్థన చేసుకోవడం అలవాటు. మూడు రోజులుగా ఆమె ఆమెన్ అనడం లేదు. మొదటి రోజు ఆయన "ఏమైంది?" అన్నాడు. ఇవాళ ఏమీ అడగలేదు. ఆమె మర్చిపోయిన కళ్ళజోడు తెచ్చి సంచిలో పెట్టాడు.

పదిగంటలకు ఆయా వచ్చి మూట దభీమని పడేసింది.

"నా మొహం చూడకక్కా, పొద్దున్నే తిట్లు తిని వచ్చా. తొమ్మిదిలో ఆవిడ వీపంతా కమిలి ఎర్రగా అయింది. కుట్టు దుప్పటి ఎందుకేశావ్, నీలం ముడి కనపడలేదా అని డ్యూటీ సిస్టరు అందరి ముందూ దులిపేసింది. ముడి లేదక్కా! ఒట్టు. నాలుగు మూలలూ తడిమాను. ఇక నా కళ్ళే పోయాయనుకున్నా. కళ్ళజోడు పెట్టుకోవే ముసలిదానా అని మా కోడలు పోరుతూనే ఉంది, నేనే వినను."

సూదమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయి. ముడి నేను తీసేశా."

"పొరపాటున ఊడిపోయి ఉంటుందిలే."

"పొరపాటు కాదు. కావాలనే తీశా."

ఆయా ఏదో హాస్యమనుకుని నవ్వబోయి, ఆమె మొహం చూసింది. "నువ్వా?" అంది. ఆ ఒక్క మాటకు సూదమ్మ చెవులు వేడెక్కాయి.

ఆమె లేచింది. బీరువా అడుగున ఉన్న దుప్పటి తీసింది. ఎన్నో ఉతుకులకు మెత్తబడి, ఎక్కడా కుట్టు లేనిది. ముందు డ్యూటీ సిస్టరు దగ్గరికి వెళ్ళి తప్పు ఎవరిదో చెప్పింది. ఆవిడ నమ్మలేనట్టు చూసి, "స్టోరుకు రాతపూర్వకంగా చెప్పాల్సి వస్తుంది సూదమ్మా" అంది. "చెప్పండమ్మా" అని తొమ్మిదో నంబరు వైపు నడిచింది.

ఒకప్పుడు పిల్లల వార్డంతా వినపడేలా మాట్లాడిన మనిషి. ఇప్పుడు దుప్పటి కింద మనిషి ఉన్నట్టే తెలియడం లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళు మాత్రం అవే, ఎవరొస్తున్నారో వాకిట్లోనే పసిగట్టే కళ్ళు.

"దుప్పటి మారుస్తానమ్మా."

"దేవుడు మేలు చేస్తాడు. మూడు రోజులుగా వెన్ను కోసేస్తోంది."

సూదమ్మ ఆమెను మెల్లగా పక్కకు తిప్పింది. వెన్నుపూస వెంబడి ఎర్రటి గీత, కుట్టు ఎంత పొడుగో అంత పొడుగు. పాత దుప్పటిని సగందాకా చుట్టి, కొత్తదాన్ని సగందాకా పరిచి, ఆమెను ఇటు దొర్లించి, అటువైపు లాగింది. ముడత లేకుండా అరచేత్తో సర్దింది. ఆ తరవాతే స్టూలు లాక్కుని కూర్చుంది.

"అది నేను కుట్టిన దుప్పటే. మీకు పంపకూడదని తెలిసే పంపాను."

నర్సు తల ఆమె వైపు తిప్పింది. "నేనేం చేశానమ్మా నీకు?"

"పన్నెండేళ్ళ కింద నన్ను టీకి పంపారు."

నడవలో ఎవరో బకెట్టు ఈడ్చుకుపోతున్నారు. ఆ చప్పుడు దూరమైంది.

"నీలం స్కర్టు," అంది నర్సు.

సూదమ్మ స్టూలు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"నాకు ముందే తెలిసిందమ్మా. ఊపిరి తీరు చూస్తే తెలుస్తుంది. ఆఖర్న తల్లుల్ని బయటికి పంపెయ్యమని మాకు నేర్పారు. చూసి తట్టుకోలేరట. నేను పంపినవాళ్ళు చాలామంది. నీ తరవాత ఇంకెవర్నీ పంపలేదు." ఊపిరి కూడదీసుకుంది. "నా చేతిలోనే పోయింది. చెయ్యి వదల్లేదు నేను. అమ్మ ఏదీ అంది. వస్తోంది అన్నాను. అబద్ధమో నిజమో ఇప్పటికీ తెలీదు."

"నిజమే," అంది సూదమ్మ. "రెండో అంతస్తు మలుపులో ఉన్నా."

నర్సు కళ్ళు మూసుకుంది. కణతల మీదుగా నీళ్ళు చెవుల్లోకి జారాయి. సూదమ్మ చేతిరుమాలుతో తుడిచింది. క్షమించానన్న మాట కోసం లోపల వెతికింది. దొరకలేదు. చెయ్యి మాత్రం తుడుస్తూనే ఉంది.

"మంచం కింద నా సంచి ఉంది," అంది నర్సు. "అట్టడుగున ఒక కవరు. ఎక్కడికి బదిలీ అయినా వెంట తీసుకెళ్ళాను. తెచ్చిద్దామనుకోవడం, నీ మొహం చూడలేక ఆగిపోవడం. నేను పోయాక తీసుకో. నా ముందు తియ్యకు."

సూదమ్మ సంచి వైపు చూడలేదు. "మీకోసం ప్రార్థన చెయ్యనా?"

"నాకు నమ్మకం అంతంత మాత్రమేనమ్మా. నీకుంటే చెయ్యి."

ఆమె నర్సు చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. తన కూతురు చివరిసారి పట్టుకున్న చెయ్యి ఇదే. "ప్రభువా, నేనున్నాను. నువ్వూ ఉండు." మూడు రోజులుగా రాని మాట వచ్చింది. కాసేపాగి, "ఈమె దగ్గర ఉండు" అని కలిపింది. "ఆమెన్" అంది, వార్డులో అందరికీ వినపడేంతగా.

మధ్యాహ్నం స్టోరుకు వెళ్ళలేదు. గంటకొకసారి నర్సును అటూ ఇటూ తిప్పింది. తడిగుడ్డతో పెదాలు అద్దింది. నాలుగింటికి ఆయా వచ్చింది. పొద్దుటి కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

"ఎంతసేపని కూర్చుంటావ్? నువ్వెళ్ళి టీ తాగి రా అక్కా, నేను చూస్తా."

"ఇక్కడికే తెచ్చిపెట్టు. నీకు పుణ్యం ఉంటుంది."

"దుప్పట్లు పంపేది ఈవిడ, తిట్లు తినేది నేను, మళ్ళీ టీ మొయ్యాల్సిందీ నేనే," అని గొణుగుతూ వెళ్ళి, పొగలు కక్కే గ్లాసు తెచ్చిపెట్టింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదుగా అని రెండు బిస్కట్లు కూడా.

సూదమ్మ ఒక చేత్తో నర్సు చెయ్యి వదలకుండా, రెండో చేత్తో గ్లాసు అందుకుంది. కాలింది. తొందరగా పెదాల దగ్గర పెట్టుకోబోయింది.

నర్సు కళ్ళు తెరవకుండానే అంది. "ఊదుకుని తాగమ్మా. తొందరేముంది?"

సూదమ్మ గ్లాసు దించింది. కళ్ళు మసకబారాయి. తరవాత మెల్లగా ఊదింది. ఒక గుక్క తాగింది. మళ్ళీ ఊదింది. నర్సు వేళ్ళు ఆమె వేళ్ళ మధ్య ఒకసారి బిగిశాయి, వదులయ్యాయి. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. గ్లాసులో టీ సగానికి వచ్చేసరికి ఇంకో ఊపిరి కోసం ఎదురుచూసింది. రాలేదు.

ఆమె లేవలేదు. ఎవర్నీ పిలవలేదు. మిగిలిన సగం టీ అక్కడే, ఆ చెయ్యి పట్టుకునే, నిదానంగా తాగింది. "చెప్పలేకపోయాను సిస్టరమ్మా," అంది. "ఇప్పుడు చెబుతున్నా. పోయి రండి. నాకు మీమీద ఏమీ లేదు." ఆ తరవాత ఆయాను కేకేసింది.

స్టోరు మూసేముందు పాత దుప్పటిని ఒళ్ళో వేసుకుని, దాని మూల మళ్ళీ నీలం ముడి వేసింది. ముడి తీసిన కత్తెరతోనే దారం కత్తిరించింది. స్టోరుకు వచ్చిన కాగితం మీద సంతకం పెట్టింది. అప్పుడు కవరు విప్పింది.

స్కర్టు మడతల దగ్గర రంగు వెలిసింది. కుడివైపు అంచు గట్టిగానే ఉంది. ఆ తరవాత పన్నెండేళ్ళ కింద ఆగిన చోట సూది, తుప్పు పట్టి, దారంతో సహా గుడ్డలోనే ఉంది. ఎడమవైపు అంచు కుట్టడం ఇంకా మిగిలే ఉంది.